ముసురులో ఎర్రబడిన వాల్వు: ఒక పాత గిటార్ యాంప్లిఫయర్ కేస్ స్టడీ

నేపథ్యం

నెల్లూరులో మా మేడమీది గదిలో పాత వాల్వు (గాజు వాక్యూమ్ ట్యూబు) గిటార్ యాంప్లిఫయర్లను బాగుచేయడం పదిహేనేళ్లకు పైగా నాకున్న వ్యాపకం. ఇది నా జీవనోపాధి కాదు కాబట్టి ఒక్కో సెట్టు దగ్గర కావలసినంత సేపు కూర్చోగలుగుతున్నాను, ప్రతి కొలతనూ నోటుబుక్కులో రాసుకోగలుగుతున్నాను. నేను బాగుచేశానని నమ్మి పంపిన ఒక సెట్టు ఆరు నెలలకు అదే జబ్బుతో తిరిగి వచ్చింది. ఆ జబ్బుకు మూలం వాల్వులోనో కండెన్సరులోనో కాక, వాటన్నిటినీ మోస్తున్న బోర్డులో ఉంది. అందుకే ఈ కేసును వివరంగా నమోదు చేస్తున్నాను. యజమాని పేరు, ఊరు, సెట్టు తయారీదారు వివరాలు వదిలేశాను.

సెట్టు 1960ల నాటిది. 12 అంగుళాల స్పీకరు ఒకటి, తరంగంలో చెరో సగాన్ని మోసే పుష్‌పుల్ పద్ధతిలో పనిచేసే రెండు ఈఎల్84 పవర్ వాల్వులు, వాటికి ముందు సంకేతాన్ని పెంచే చిన్న వాల్వులు మూడు ఈసీసీ83లు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరుగా ఒక ఈజెడ్81 ఉన్నాయి. వాల్వులో కరెంటు క్యాథోడ్‌కూ ప్లేటుకూ మధ్య నడుస్తుంది, దాన్ని అదుపు చేసేది మధ్యలోని గ్రిడ్. రెండు పవర్ వాల్వుల క్యాథోడ్లకూ కలిపి ఒకే 130 ఓమ్‌ల రెసిస్టెన్సు ఉంది. అంటే బయాస్ (పాట లేనప్పుడు వాల్వు ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే వోల్టేజీ) సర్దడానికి విడిగా ఏ ఏర్పాటూ లేదు. వాల్వుల గుండా పోయే కరెంటే ఆ రెసిస్టెన్సు మీద పది వోల్టుల చిల్లర పుట్టించి, తనను తాను అదుపులో ఉంచుకుంటుంది. విడిభాగాలన్నీ ఒక నల్లటి ఫైబర్ బోర్డు మీద ఇత్తడి ఐలెట్లలో (బోర్డుకు బిగించిన చిన్న గుండ్రటి కన్నాల్లో) వరుసగా దిగి ఉన్నాయి. ఆ కాలపు సెట్లను విప్పినవారికి ఈ అమరిక చూడగానే గుర్తుకొస్తుంది.

యజమాని ప్రకాశం జిల్లా తీరంలో, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపు ఉన్న ఒక ఊళ్లో ఆదివారం ఆరాధనల్లో గిటార్ వాయిస్తారు. సెట్టు ఆయన తండ్రిది. మద్రాసులో ఆర్కెస్ట్రాలు ముమ్మరంగా నడిచిన రోజుల్లో అక్కడి నుంచి కొని తెచ్చినదట. “మా నాయన వాయించినప్పటి మోతే ఉండాల అన్నా, దాన్ని మాత్రం మార్చొద్దు” అని మొదటి రోజే చెప్పారు. తర్వాత నేను తీసుకున్న నిర్ణయాల్లో ఈ మాటకు పెద్ద పాత్ర ఉంది.

వచ్చిన ఇబ్బంది

సెట్టు అరగంట పాటు బాగా మోగుతుంది. ఆ తర్వాత మోత పలచబడుతుంది, గరగర మొదలవుతుంది, వెనక నుంచి చూస్తే రెండు ఈఎల్84లలో ఒకదాని ప్లేటు మసక ఎరుపులో కనిపిస్తుంది. అంతకుముందు చూసిన మెకానిక్ రెండుసార్లు వాల్వుల జతను మార్చారు. మార్చిన ప్రతిసారీ కొన్ని వారాలు కుదురుగా ఉండి మళ్లీ మొదటికి వచ్చింది. వీటితో పాటు ఎప్పుడూ వినిపించే హమ్ము ఒకటి ఉంది.

నా దగ్గరకు వచ్చింది మే నెలలో. అప్పగించేటప్పుడు యజమాని ఇంకొక మాట కూడా అన్నారు: “ముసురు పట్టిన ఆదివారమే అన్నా దీనికి వచ్చేది.” వాన పడితే మా వైపు పల్లెల్లో కరెంటు ఎక్కువ తక్కువలు అవుతుంది, అది అందరికీ అనుభవమే. ఆ మాటను నేను అలాగే అర్థం చేసుకుని నోటుబుక్కులో “వానల్లో వోల్టేజీ చూడాలి” అని రాసుకున్నాను. ఆయన చెప్పింది వాన గురించి, నేను రాసుకున్నది కరెంటు గురించి. ఈ కేసులో దారి తప్పింది అక్కడే.

మే నెలలో చేసిన పని

ముందుగా సిరీస్ బల్బు (షార్టుంటే కరెంటును అదుపులో ఉంచేలా మెయిన్స్ దారిలో కలిపిన బల్బు) మీద సెట్టును లేపి చూశాను. షార్టు ఏదీ లేదు. రెండు కోర్ల మెయిన్స్ వైరును తీసేసి ఎర్త్ ఉన్న మూడు కోర్ల వైరు వేశాను. మెయిన్స్ నుంచి చాసిస్‌కు (సెట్టు లోహపు చట్రానికి) కలిపి ఉన్న పాత కండెన్సరును తొలగించాను. అది షార్టయితే చాసిస్ అంతా, దాని ద్వారా గిటారు తీగలూ కరెంటు పట్టుకుంటాయి కనుక దాన్ని ఉంచే ప్రసక్తే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ 220 వోల్టుల టాపు (మెయిన్స్ వోల్టేజీకి తగ్గట్టు ఎంచుకునే కొస) మీద ఉంటే 240కి మార్చాను. ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి ఉన్నాయి, వాటిని మార్చగానే హమ్ము పోయింది.

ఇక ఎర్రబడే వాల్వు సంగతి. రెండూ ఎర్రబడితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని, అంటే క్యాథోడ్ రెసిస్టెన్సును, దాని బైపాస్ కండెన్సరును, హెచ్‌టీని (వాల్వులకు అందే ఎక్కువ డీసీ వోల్టేజీని) అనుమానించాలి. ఒక్కటే ఎర్రబడుతున్నప్పుడు ఆ వాల్వునో, దాని గ్రిడ్‌నో చూడాలి. గ్రిడ్ దగ్గర డీసీ వోల్టేజీ సున్నా ఉండాలి. ముందరి ఈసీసీ83 ప్లేటు దగ్గర ఉండే రెండు వందల వోల్టులను ఆపి, పాటను మాత్రమే ముందుకు పంపడం కప్లింగ్ కండెన్సరు పని. అది కారితే గ్రిడ్ పాజిటివ్ వైపు జరుగుతుంది, వాల్వు అవసరానికి మించి కరెంటు లాగుతుంది. పాత పేపర్ కండెన్సర్లలో ఇది సర్వసాధారణం.

ఈఎల్84లు రెండూ తీసేసి, ఒక్కో సాకెట్టులో రెండో పిన్ను దగ్గర కొలిచాను. ఒకవైపు 0.6 వోల్టు, రెండోవైపు 0.2. పెద్ద అంకెలు కావు. అయినా పాత కండెన్సర్లు కారుతున్నాయనడానికి సాక్ష్యమే అనుకుని, రెండింటి స్థానంలో 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు వేశాను. మళ్లీ కొలిస్తే ఒకవైపు సున్నా, జబ్బు ఉన్న వైపు 0.1 వోల్టు. నాలుగు సాయంత్రాలు, రోజుకు రెండు గంటల చొప్పున వాయించి చూశాను. ప్లేటు ఎర్రబడలేదు. సెట్టు పంపించేశాను.

ఆ 0.1 వోల్టు గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. మంచి ఫిల్మ్ కండెన్సరు వేసిన చోట అది కూడా ఉండకూడదు. గ్రిడ్ నుంచి ఎర్త్‌కు ఉన్న రెసిస్టెన్సు 470 కిలో ఓమ్‌లు. దాని మీద 0.1 వోల్టు కనిపిస్తోందంటే 0.2 మైక్రో ఆంపియరు కరెంటు ఎక్కడి నుంచో వస్తోందన్న మాట. కొత్త కండెన్సరు నుంచి కాదంటే ఎక్కడి నుంచి అని నేను అప్పుడు అడగలేదు. 0.6 కాస్తా 0.1 అయింది కదా, జబ్బు తగ్గింది కదా అని తృప్తి పడ్డాను. నెల్లూరులో మే నెల పడమటి గాలికి ఉతికిన దుప్పటి కూడా అరగంటలో పెళపెళలాడుతుంది. సెట్టు నా గదిలో ఉన్న మూడు వారాలూ అదే గాలిలో ఎండింది.

నవంబరులో తిరిగి వచ్చినప్పుడు

మా జిల్లాలకు వాన ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనం వెంట అల్పపీడనం వచ్చి, రోజుల తరబడి ముసురు పట్టే కాలం అది. నవంబరు రెండో వారంలో సెట్టు తిరిగి వచ్చింది. జబ్బు అదే, ఎర్రబడే సాకెట్టూ అదే.

వాల్వులను అటుదిటు మార్చాను. రెండో వాల్వు కూడా ఆ సాకెట్టులోకి రాగానే ఎర్రబడింది, మొదటిది పక్క సాకెట్టులో కుదురుగా ఉంది. కాబట్టి వాల్వుల తప్పు లేదు. అంతకుముందు మార్చిన రెండు జతల్లోనూ ఏ లోపమూ లేకపోయి ఉండవచ్చు.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ రెండు సగాల మీద వోల్టేజీ తగ్గుదలను కొలిచి, వాటి రెసిస్టెన్సుతో భాగిస్తే ఒక వాల్వు ప్లేటు కరెంటు 52 మిల్లీ ఆంపియర్లు, రెండోదానిది 27 అని తేలింది. మే నెలలో ఇవే 36, 35. ప్లేటు దగ్గర 304 వోల్టులు, క్యాథోడ్ దగ్గర 11.4. అంటే జబ్బు వాల్వు ప్లేటు మీద పడుతున్నది 15.2 వాట్లు. ఈఎల్84 ప్లేటు భరించగలిగేది 12 వాట్లు. రెండు వాల్వులకూ క్యాథోడ్ రెసిస్టెన్సు ఒకటే కావడంతో, ఒకటి ఎక్కువ లాగినకొద్దీ ఉమ్మడి వోల్టేజీ పెరిగి రెండోది చల్లబడుతుంది. అందుకే మొత్తం కరెంటు పెద్దగా మారినట్టు కనిపించదు. క్యాథోడ్ వోల్టేజీ ఒక్కటే చూసి బయాస్ బాగుందనుకుంటే ఈ తేడా చిక్కదు. మోత పలచబడడానికీ ఈ అసమానతే కారణం.

వాల్వులు తీసి గ్రిడ్ దగ్గర కొలిస్తే ఈసారి 3.6 వోల్టులు. ఆరు నెలల కిందటి కొత్త కండెన్సరు నాసిరకమేమో అన్న అనుమానంతో ఇంకొకటి వేశాను. మార్పు లేదు. ఇక విడిభాగాలు మార్చడం ఆపి, ఒక్కొక్క దారినీ తెంపి చూడాలని నిశ్చయించుకున్నాను. ప్రతి అడుగుకూ ముందు స్విచ్ ఆపి, ఫిల్టర్ కండెన్సర్లను 10 కిలో ఓమ్‌ల రెసిస్టెన్సు ద్వారా ఖాళీ చేసి, మీటరులో సున్నా చూశాకే చేయి పెట్టాను. వాల్వులు తీసినప్పుడు భారం తగ్గి హెచ్‌టీ 362 వోల్టులకు పెరుగుతుంది. అది ప్రాణం తీసే వోల్టేజీ, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

మొదట కప్లింగ్ కండెన్సరు కాలును గ్రిడ్ ఐలెట్ నుంచి లేపాను. ఐలెట్ దగ్గర 3.6 వోల్టులు అలాగే ఉన్నాయి. అంటే కండెన్సరు నిర్దోషి. తర్వాత ఐలెట్ నుంచి సాకెట్టుకు పోయే వైరును విప్పాను. సాకెట్టు పిన్ను దగ్గర సున్నా, ఐలెట్ దగ్గర మాత్రం 3.6. అంటే సాకెట్టూ నిర్దోషే. ఇప్పుడు ఆ ఐలెట్‌కు మిగిలింది ఎర్త్‌కు పోయే 470 కిలో ఓమ్‌ల రెసిస్టెన్సు ఒక్కటే, దానివల్ల పాజిటివ్ వోల్టేజీ పుట్టదు. చివరికి దాన్ని కూడా లేపి, కండెన్సరు కాలు, రెసిస్టెన్సు కాలు, సాకెట్టు వైరు మూడింటినీ బోర్డుకు తగలకుండా గాలిలోనే కలిపి సాల్డరింగ్ చేశాను. 0.00 వోల్టు.

తప్పు బోర్డుది. గ్రిడ్ ఐలెట్‌కు తొమ్మిది మిల్లీమీటర్ల దూరంలో వాల్వులోని స్క్రీన్ గ్రిడ్‌కు హెచ్‌టీ ఇచ్చే ఐలెట్ ఉంది. ఆ రెండింటి మధ్యనున్న నల్లటి ఫైబర్ గుండా కరెంటు నడుస్తోంది. లెక్క కడితే, 470 కిలో ఓమ్‌ల మీద 3.6 వోల్టులు అంటే 7.7 మైక్రో ఆంపియర్లు. 362 వోల్టుల నుంచి అంత కరెంటు రావాలంటే మధ్యలో సుమారు 47 మెగా ఓమ్‌ల దారి ఉండాలి. మామూలు మల్టీమీటరు ఓమ్‌ల రేంజిలో ఇది పట్టుబడలేదు, అది పెట్టే వోల్టేజీ చాలా తక్కువ. మిత్రుడైన ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) తెచ్చి, ఆ రెండు ఐలెట్లకూ తగిలి ఉన్నవన్నీ లేపి కొలిస్తే 45 మెగా ఓమ్‌లు చూపింది. లెక్కా కొలతా దాదాపు కలిశాయి.

ఈ ఫైబర్ ఎందుకు ఇలా చేస్తుందో తెలుసుకోవడానికి అది ఏమిటో చూడాలి. నూలు పీచుతో చేసిన కాగితపు పొరలను జింక్ క్లోరైడ్ ద్రావణంలో మెత్తబరచి, ఒకదానికొకటి అతికించి, తర్వాత ఆ లవణాన్ని నీటితో కడిగేసి చేసే పలక అది. మూలం నూలే కాబట్టి తేమను పీల్చుకుంటుంది. పైన మైనం పూసి కాపాడతారు. అరవై ఏళ్లలో సాల్డరింగ్ ఇనుము పదే పదే తగిలిన చోట ఆ మైనం కరిగిపోతుంది. దానికి ఉప్పుగాలి తోడైతే పీల్చుకున్న తేమ ఉత్త నీరు కాదు, కరెంటును మోయగల నీరు. ఈ సెట్టు బోర్డును భూతద్దంతో చూస్తే, పాత మెకానిక్‌లు వేలు పెట్టని చోట నలుపు నిగనిగలాడుతోంది, గ్రిడ్ ఐలెట్ల చుట్టూ మాత్రం పొడిబారిన బూడిదరంగు వలయాలు ఉన్నాయి.

పనిచేయనివి

హెయిర్ డ్రయ్యరుతో పది నిమిషాలు వేడిగాలి కొడితే 3.6 వోల్టులు 0.9కి దిగాయి. మరునాడు ఉదయానికి మళ్లీ 3 దాటాయి. కారణం నిర్ధారించడానికి ఇది బాగా ఉపయోగపడింది, వైద్యంగా పనికిరాలేదు. పైగా వేడికి మిగిలిన మైనం కరిగి, మట్టినీ ఫ్లక్సునూ లోపలికి తీసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే రెండోసారి చేయలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే 2.8 వరకు తగ్గింది. మరకలో కొంత భాగమే పైన ఉంది, మిగతాది లోపలికి ఇంకిపోయింది.

బాగా ఎండబెట్టి వార్నిష్ పూయడం చాలామంది చేసే పని. నేను పూయలేదు. తేమ ఐలెట్ రంధ్రాల నుంచి, బోర్డు అడుగు నుంచి కూడా ఎక్కుతుంది. పైన మాత్రమే మూసేస్తే ఎక్కిన తేమ బయటికి పోయే దారి ఉండదు. గ్రిడ్ రెసిస్టెన్సును 470 నుంచి 220 కిలో ఓమ్‌లకు తగ్గించడం గురించి ఒక పూట ఆలోచించాను. అలా చేస్తే కారే వోల్టేజీ సగానికి పైగా తగ్గి ప్లేటు ఎర్రబడకపోవచ్చు. కానీ కారడం ఆగదు, ముందరి వాల్వు మీద భారం పెరుగుతుంది, వచ్చే ఏటికి బోర్డు ఇంకొంత చెడితే మళ్లీ ఇదే స్థితి. జబ్బును కప్పిపెట్టే మార్గం కాబట్టి వద్దనుకున్నాను.

పనిచేసినది

మిగిలినవి రెండు మార్గాలు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికే గ్లాస్ ఎపాక్సీ పలక తెచ్చి బోర్డు మొత్తం కొత్తగా కట్టడం ఒకటి. విద్యుత్తు పరంగా అది నిస్సందేహంగా మేలైనది. కానీ అరవై ఏళ్ల అమరికను విప్పేస్తే తిరిగి కట్టడం సాధ్యం కాదు. వైర్లు పోయే దారులు మారితే మోత కూడా కొంత మారవచ్చు, యజమాని వద్దన్నది సరిగ్గా దాన్నే. అందుకని రెండో మార్గం ఆలోచించాను: బోర్డును ఉంచి, కారడం వల్ల నష్టపోయే బిందువులను మాత్రమే దాని మీద నుంచి లేపేయడం.

ఏవి నష్టపోతాయో తేల్చడానికి అదే లెక్క సాయపడింది. 7.7 మైక్రో ఆంపియర్ల కరెంటు 1.5 కిలో ఓమ్‌ల క్యాథోడ్ రెసిస్టెన్సులోకి పోతే అక్కడ పుట్టేది 12 మిల్లీవోల్టులు. దానివల్ల ఏమీ కాదు. అదే కరెంటు ఒక మెగా ఓమ్ గ్రిడ్ రెసిస్టెన్సులోకి పోతే దాదాపు 8 వోల్టులు. కాబట్టి క్యాథోడ్లు, హెచ్‌టీ రెసిస్టెన్సులు, ఫిల్టర్ బిందువులు బోర్డు మీదే ఉండవచ్చు. గ్రిడ్లు ఉండకూడదు.

రెండు ఈఎల్84 గ్రిడ్ల రెసిస్టెన్సులను, కప్లింగ్ కండెన్సర్ల చివరి కాళ్లను సాకెట్ల పక్కనే చాసిస్‌కు బిగించిన చిన్న ట్యాగ్ స్ట్రిప్పుల (సాల్డరింగ్ కోసం లోహపు కొసలున్న పట్టీల) మీదికి మార్చాను. ఈఎల్84లో ఒకటో పిన్ను ఖాళీగా కనిపిస్తుంది కనుక కొందరు దాన్ని ఆధారంగా వాడుకుంటారు. వాల్వు లోపల అది దేనికైనా తగిలి ఉండవచ్చు కాబట్టి వాడకూడదు. ఈసీసీ83ల గ్రిడ్ రెసిస్టెన్సులను నేరుగా సాకెట్టు పిన్నుల మీదే వేశాను. మొత్తం ఐదు బిందువులు లేచాయి. ఖాళీ అయిన ఐలెట్లను అలాగే వదిలేశాను. ఎవరైనా ఎప్పుడైనా పాత అమరికకు తిరిగి పోవాలనుకుంటే పోవచ్చు. బోర్డు కింద చాసిస్‌కు ఆనుకుని ఉన్న రెండో ఫైబర్ పలకను మాత్రం తీసేసి గ్లాస్ ఎపాక్సీ పలక పెట్టాను. బయటికి కనిపించని ఆ పలకే అన్నిటికంటే ఎక్కువ చెమ్మతో, అడుగున తెల్లటి పొడితో ఉంది.

ఈసారి ఎండలో మోగిందని నమ్మదలచుకోలేదు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడి గోనెసంచి పరిచి, చెక్క ముక్కల మీద చాసిస్‌ను నిలబెట్టి, మూతపెట్టి రెండు రాత్రులు ఉంచాను. మూడో రోజు తెల్లవారుజామున తీసి, పైకి కనిపించే తేమను తుడిచి, ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్ దగ్గర ఇన్సులేషన్ మెగ్గరుతో చూసి, సిరీస్ బల్బు మీద లేపాను. గ్రిడ్ల దగ్గర 0.02, 0.01 వోల్టు. పరీక్ష కోసం పాత గ్రిడ్ ఐలెట్‌కు తాత్కాలికంగా ఒక 470 కిలో ఓమ్‌ల రెసిస్టెన్సు తగిలించి కొలిస్తే అక్కడ 4.1 వోల్టులు. బోర్డు ఇప్పటికీ కారుతూనే ఉంది, ఆ కారేది పాట దారిలోకి రావడం లేదు. సాయంత్రం యజమానిని పిలిపించి గంటన్నర వాయించమన్నాను. ప్లేట్లు నల్లగానే ఉన్నాయి.

దీని తర్వాత నా పద్ధతిలో వచ్చిన మార్పులు

తీర ప్రాంతాల నుంచి వచ్చే ప్రతి సెట్టుకూ ఇప్పుడు తడి గోనె పరీక్ష చేస్తున్నాను. అది మొదట వచ్చినప్పుడే చేస్తాను, బాగుచేసిన తర్వాత మళ్లీ చేస్తాను. పవర్ వాల్వులు తీసి గ్రిడ్ కొలిచేటప్పుడు 0.05 వోల్టుకు మించి ఏమున్నా ఆ వోల్టు ఎక్కడిదో చెప్పగలిగే వరకు సెట్టు పంపడం లేదు. విడిభాగం మార్చాక కొలత తగ్గడం వేరు, పూర్తిగా పోవడం వేరు. నేను మార్చిన కండెన్సర్లు నిజంగానే కొంత కారుతున్నాయి, అందుకే అంకె తగ్గింది. అక్కడ రెండు జబ్బులు ఒకేచోట ఉండడం వల్ల, మొదటిది దొరకగానే రెండోది కనపడకుండా పోయింది. యజమాని చెప్పే మాటలను ఇప్పుడు నా అర్థంలోకి మార్చకుండా, ఆయన మాటల్లోనే రాసుకుంటున్నాను.

సెట్టు ఉంచే పద్ధతిలో కూడా ఒక మార్పు చెప్పాను. వానకు తడవకుండా ఆయన దాన్ని పాలిథిన్ పట్టాతో గట్టిగా చుట్టి, సిమెంటు నేల మీద పెట్టేవారు. లోపలి చెమ్మ లోపలే ఉండిపోయేది. ఇప్పుడు చెక్క పీట మీద పెట్టి, నూలు దుప్పటి కప్పుతున్నారు. ముసురు రోజుల్లో వారానికి రెండుసార్లు గంట సేపు ఆన్ చేసి ఉంచుతున్నారు.

మరుసటి ఏడు నవంబరులో, ముసురు పట్టిన నాలుగో రోజున మీటరు పట్టుకుని ఆయన ఊరికి వెళ్లాను. సెట్టు అక్కడే, ఆ తేమలోనే ఉండగా కొలవాలనుకున్నాను. ప్లేటు కరెంట్లు 36, 34. రెండు గంటల ఆరాధనలో మోత ఎక్కడా పలచబడలేదు. టోన్ కంట్రోలు తిప్పినప్పుడు మాత్రం చిన్న గరగర ఉంది. టోన్ దగ్గరి కండెన్సర్లను నేను బోర్డు మీదే వదిలేశాను, వాటి పక్కనే ఈసీసీ83 ప్లేటు ఐలెట్ ఉంది. డీసీ అటునుంచి కంట్రోలు లోపలికి చేరుతోందని నా అనుమానం. వచ్చే వేసవిలో ఆ రెండు కాళ్లను కూడా లేపుతానని చెప్పి వచ్చాను.